పాము గుడ్లు పొదిగిస్తానంటే భార్య మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మా పెంపుడు కార్న్ స్నేక్ (విషం లేని ఒక జాతి పాము) నాలుగు రోజుల క్రితం పధ్నాలుగు గుడ్లు పెట్టింది. వాటిని పెట్టెలో సర్ది, వెచ్చగా ఉంటుందని వంటగదిలో ఫ్రిజ్ మీద ఉంచాను. ఇన్నేళ్లూ పామును సహించిన నా భార్య, గుడ్లు తీసేసేదాకా మాట్లాడనంటోంది. మాకు మూడేళ్ల పాప ఉంది. రెండు నెలలు ఓపిక పట్టమని ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: ఆ రెండు నెలల లెక్కలోనే పొరపాటుంది. 27, 28 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో ఈ గుడ్లు సుమారు అరవై రోజులకు పగులుతాయన్నది నిజమే కాని, పాము పిల్ల మొదటి కుబుసం విడవడానికి మరో వారం, పది రోజులు పడుతుంది. సాధారణంగా ఆ తరువాతే మేత ముడుతుంది. అలా కొన్ని మేతలు సరిగా తిన్నదని చూసుకున్నాకే దాన్ని మరొకరికి ఇవ్వాలి. జానెడు పిల్లలు చిన్న సందులోంచి కూడా జారిపోతాయి, ఒకేచోట ఉంచితే ఒకదాన్నొకటి మింగే ప్రమాదమూ ఉంది కనుక, పధ్నాలుగింటికీ పధ్నాలుగు పెట్టెలు, వారం వారం గడ్డకట్టించిన ఎలుక పిల్లలు కావాలి. అవి ఏ ఫ్రిజ్‌లో ఉంటాయో మీ భార్య ఈపాటికి ఊహించే ఉంటారు. తల్లి పామే గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మీరు ఆ బరువును ఎత్తుకుని, మీ భార్యను అడగకుండానే ఇంటి మీద దించారు.

పెట్టెను ఈ రోజే వంటగదిలోంచి తీసేయండి. ఆరోగ్యంగా కనిపించే పాము ఒంటి మీదా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు; ఐదేళ్లలోపు పిల్లలకు దానివల్ల ముప్పు ఎక్కువ కనుక, ఆ వయసు పిల్లలున్న ఇంట్లో అసలు పామే వద్దని వైద్యులు చెబుతారు. గుడ్లకే కాక పెద్ద పాముకూ వర్తించే ఈ మాటను మీరు తేలికగా తీసుకోకూడదు. మార్చేటప్పుడు గుడ్లను కోడిగుడ్లలా తిప్పకండి, లోపలి పిండం చనిపోవచ్చు. పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా చూడండి. ఫ్రిజ్ పైన వేడి నిలకడగా ఉండదు కాబట్టి వేడిని ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాట్ ఉన్న ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే పెట్టె), తలుపు మూసి ఉంచగల గది తప్పనిసరి.

ఆ తరువాత మీ భార్యతో కూర్చోండి. భయపడవద్దని చెప్పకండి, ఆమె అడిగింది ధైర్యం కాదు. ఎన్ని నెలల పని, ఎవరు చేస్తారు, పాము పిల్లలను తీసుకుంటామని ఇప్పటికే మాట ఇచ్చినవారు ఎందరు అన్నది కాగితం మీద రాసి చూపించండి. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే పధ్నాలుగూ పొదిగించే ఆలోచన మానుకోండి. అన్నీ విన్నాక కూడా ఆమె వద్దంటే, అనుభవమున్న పెంపకందారుకు గుడ్లను కదలకుండా అప్పగించండి. అటువంటివారు దొరకకపోతే, పిండాలు ఇంకా పెరగకముందే, గుడ్లను ఏం చేయాలో సరీసృపాలు తెలిసిన పశువైద్యుడిని కలిసి అడగండి.