పందుల రక్తపరీక్షలో ‘పాజిటివ్’ వస్తే ఆ మాంసం తినకూడదా?

పశువైద్యుని జవాబులు

ప్రశ్న: పన్నెండేళ్లుగా సీమపందులు సాకుతున్నాను. నాలుగు నెలల కిందట వెటర్నరీ విద్యార్థులు వచ్చి ఇరవై పందుల రక్తం తీసుకుపోయారు. పద్నాలుగింటికి ‘హెపటైటిస్ ఇ పాజిటివ్’ అని కాగితం వచ్చింది. ఆ మాట ఊళ్లో పాకింది. ప్రతి ఆదివారం వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు మాంసానికి రావడం లేదు. పందులేమో చక్కగా మేస్తున్నాయి, ఒక్కటీ నలతగా లేదు. వీటిని ఏం చేయమంటారు?
– ఒక రైతు, అనంతపురం

జవాబు: హెపటైటిస్ ఇ అంటే కార్జానికి సోకే, మనుషుల్లో కామెర్లు తెప్పించే వైరస్ జబ్బు. ముందు ఆ కాగితం మళ్లీ తీసి చూడండి. పరీక్ష పేరు దగ్గర ‘ఎలైజా’ అని ఉందా, ‘పీసీఆర్’ అని ఉందా? రక్తం మాత్రమే తీసుకున్నారంటున్నారు కాబట్టి ఎలైజానే అయి ఉంటుంది. ఆ పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు. వైరస్ వచ్చినప్పుడు పంది ఒంట్లో తయారైన యాంటీబాడీలను అది పట్టుకుంటుంది. అంటే ఆ పద్నాలుగు పందులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకింది. ఈరోజు వాటి ఒంట్లో ఉందో లేదో ఆ కాగితం చెప్పదు.

పందుల్లో ఇది ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల వయసులో వస్తుంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోయే సమయం అది. ఒక పిల్ల పేడ నుంచి ఇంకో పిల్ల నోటికి చేరి షెడ్డంతా చుట్టేస్తుంది. జ్వరం ఉండదు, మేత మానదు, కామెర్లు కనిపించవు. కొన్ని వారాలు పేడలో వైరస్ పోతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆరు నెలలకు అమ్మకానికి వచ్చేసరికి చాలా పందుల్లో వైరస్ పోయి యాంటీబాడీలు మాత్రమే మిగులుతాయి. అందుకే ఇరవైలో పద్నాలుగు అంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఏ దేశంలోనైనా పెద్ద పందుల రక్తం చూస్తే ఈ గుర్తు మామూలుగా కనిపిస్తుంది. మీ షెడ్డులో ప్రత్యేకంగా ఏదో చెడిందని కాదు.

అయితే ‘చాలా పందుల్లో’ అన్నాను, అన్నింటిలో అనలేదు. ఆలస్యంగా సోకిన పంది కోతకు వచ్చే నాటికి కార్జంలో వైరస్‌తోనే ఉండొచ్చు. అది తెలియాలంటే పీసీఆర్ పరీక్ష కావాలి. పేడలో గానీ, కోసిన తర్వాత కార్జం ముక్కలో, పిత్తంలో గానీ వైరస్ జన్యుపదార్థం ఉందేమో అందులో చూస్తారు. ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ వాళ్లనో, తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ వాళ్లనో అడగండి, నమూనా ఎలా పంపాలో, ఎక్కడికి పంపాలో చెబుతారు. నా మాటగా ఒకటి గుర్తుంచుకోండి: అమ్మకానికి సిద్ధంగా ఉన్న పందుల నుంచే నమూనా తీయించండి. కింద పడిన పేడ పనికిరాదు, ఏ పందిదో తెలియదు. గ్లౌజు వేసుకుని నేరుగా తీయాలి, ఐసు డబ్బాలో పెట్టి ఆలస్యం లేకుండా చేర్చాలి. ఎండలో బస్సు టాపు మీద వచ్చిన నమూనాలు నేను సర్వీసులో ఎన్నో చూశాను. అలాంటి వాటిలో ‘నెగటివ్’ వచ్చినా దాన్ని నమ్మలేం.

కొనేవాళ్ల దగ్గర కాగితం దాచొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ వైరస్‌లో రకాలున్నాయి. మన దేశంలో మనుషులకు వచ్చే హెపటైటిస్ ఇ ప్రధానంగా 1వ రకం, అది మురుగు కలిసిన నీళ్ల నుంచి వస్తుంది. మన పందుల్లో బయటపడింది 4వ రకం. మనుషులకు సోకే శక్తి దానికీ ఉంది కాబట్టి జాగ్రత్త తప్పదు. కానీ ఊళ్లో కామెర్లు వస్తే మీ షెడ్డు వైపు వేలు చూపడం అన్యాయం. కార్జం లోపలి దాకా బాగా ఉడికితే భయం లేదు. పరిశోధనల్లో ముక్క లోపల 71 డిగ్రీల వేడి 20 నిమిషాలు ఉన్నప్పుడు వైరస్ పూర్తిగా చచ్చింది. మన ఇళ్లలో కుక్కర్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంత మాత్రాన ఇది చావదు. పచ్చి కార్జం కోసిన కత్తితో అలాగే ఉల్లిపాయ, కొత్తిమీర తరగొద్దు.

మీ పనివాళ్లకు బూట్లు, గ్లౌజులు ఇవ్వండి, సబ్బు పెట్టండి. షెడ్డు కడిగిన నీళ్లు బావి వైపు, వంక వైపు పోకుండా గుంత తీయించండి. పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ఈ గుంత పని మాత్రం ఈ వారమే చేయండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో నెల. పురిటికి మా ఇంటికి వచ్చింది. తెలిసినవాళ్లు లంకమల వైపు నుంచి అడవిపంది మాంసం తెచ్చిస్తామంటున్నారు, బలమని. మా అత్తగారు పెట్టమంటారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఆ మాంసాన్ని ఎక్కడైనా పరీక్ష చేయించి తినొచ్చా?
– ఒక తల్లి, బద్వేలు

జవాబు: వద్దమ్మా. పెట్టొద్దు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపంది రక్షణ ఉన్న జంతువు. దొంగతనంగా కొట్టిన దాన్ని ఏ డాక్టరూ చూడడు, ఏ ముద్రా పడదు. శనక్కాయ చేనును రాత్రికి రాత్రే తవ్విపోసే పందుల మీద రైతుకు ఎంత కోపం ఉంటుందో నాకు తెలుసు. ఆ నష్టానికి అటవీశాఖ దగ్గర పరిహారం అడగాలి గానీ, ఆ కోపం మన వంటింట్లోకి రాకూడదు.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో అడవిపందులను పరీక్షిస్తారు. యూరప్‌లో వేటాడిన అడవిపంది కండను ఒక రకం పురుగు కోసం తప్పనిసరిగా చూస్తారు. హెపటైటిస్ ఇ వైరస్ కోసం ప్రతి పందినీ చూడరు, కొన్నింటిని ఎంచుకుని చూస్తారు. గుండె దగ్గర గడ్డకట్టిన రక్తం, కార్జం ముక్క తీసుకుంటారు. రక్తం దొరక్కపోతే కండను గడ్డకట్టించి, కరిగినప్పుడు ఊరిన నీటిలో యాంటీబాడీలు వెతుకుతారు. అదంతా ఒక అడవిలో రోగం ఎంత ఉందో తెలుసుకోవడానికి చేసే పని. ‘ఈ ముక్క తినొచ్చు’ అని ఆ పరీక్ష ఎవరికీ రాసివ్వదు.

జపాన్‌లో 2003లో అడవిపంది కార్జం పచ్చిగా తిన్నవాళ్లకు తీవ్రమైన కామెర్లు వచ్చిన సంగతి వైద్య పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది అక్కడ రెండు కుటుంబాల్లో నలుగురికి పచ్చి జింక మాంసం తిన్న ఆరేడు వారాలకు హెపటైటిస్ ఇ వచ్చింది. ఫ్రీజర్‌లో మిగిలిపోయిన ముక్కను పరీక్షిస్తే, రోగుల ఒంట్లో ఉన్న వైరస్, దానిలోని వైరస్ దాదాపు ఒకటేనని తేలింది. అదే కుటుంబాల్లో ఆ మాంసం తినని వాళ్లకు రాలేదు. మాంసం నుంచి ఇది వస్తుందని అంత గట్టిగా రుజువైంది అప్పుడే. 2015లో జపాన్ హోటళ్లలో పచ్చి పంది మాంసం, కార్జం వడ్డించడాన్ని నిషేధించింది. మనం పచ్చిగా తినం, నిజమే. కానీ కొట్టిన చోటే నిప్పుల మీద కార్జం కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే నోట్లో వేసుకునేవాళ్లను నేను చూశాను. ఆ చేతులతోనే మాంసం పంచుతారు.

ఇంత పొడుగ్గా రాయడానికి కారణం చెబుతాను. 1984లో మా చెల్లెలికి ఏడో నెలలో కామెర్లు వచ్చాయి. మేమున్న వీధిలో తాగునీటి పైపు మురుగు కాలువలోంచి పోయేది. వీధిలో ఇంకా చాలామందికి కళ్లు పచ్చబడ్డాయి, వాళ్లంతా లేచి తిరిగారు. మా వాళ్లు ఆకు పసరు పోయిస్తూ నాలుగు రోజులు గడిపారు. ఆసుపత్రికి చేర్చేసరికి అమ్మాయికి స్పృహ లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. అప్పట్లో ఈ రోగానికి స్థిరమైన పేరు కూడా లేదు. ఇప్పుడు తలుచుకుంటే అది ఈ హెపటైటిస్ ఇ అనే నా నమ్మకం. నీళ్ల నుంచి వచ్చే 1వ రకం, చివరి నెలల్లో అది సోకిన గర్భిణుల్లో నూటికి 20 నుంచి 25 మంది ప్రాణం తీయగలదు.

అందుకే మీ అమ్మాయికి అడవిపంది కంటే ముందు నీళ్ల గురించి ఆలోచించండి. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి, బయట చెరుకురసం, ఐసు వద్దు. బలానికి గుడ్లు, పప్పు, బాగా ఉడికిన కోడికూర, రాగి సంగటి చాలు. మూత్రం పచ్చగా వచ్చినా, వాంతులు, ఆకలి లేకపోవడం ఉన్నా పసరు జోలికి పోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. నా వయసువాడు చెప్పాడంటే వింటారేమో.

ప్రశ్న: ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిన పంది మాంసం తింటే మనుషులకు వస్తుందా?
– కర్నూలు

జవాబు: రాదు. అది పందులకు, అడవిపందులకు మాత్రమే వచ్చే వైరస్. మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మనుషులకు రాదు గానీ షెడ్డును ఖాళీ చేసేస్తుంది. హోటల్ మిగుళ్లు మేపేవాళ్లు వాటిని బాగా మరిగించి చల్లార్చాకే పోయాలి. పందులు వరుసగా చనిపోతే మాంసం అమ్మొద్దు, కళేబరాన్ని హంద్రీలో పడేయొద్దు. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, నమూనా తీసుకునేదాకా ఆగి, తర్వాత లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి.