పొగ చూడు బిడ్డా, పొయ్యి సంగతి తెలుస్తది

కాజీపేట

బిడ్డా,

లక్నవరం దిక్కు మీ దోస్తు వాళ్ల బాయికాడ రెండు రాత్రులు ఉంటమని, పొయ్యి కొనకుండ ఇంట్ల పాత డబ్బలతోనే చేస్కుంటమని చెప్పినవ్. ఫోన్ల సగమే చెప్పిన, మిగిలింది రాస్తున్న. ముందుగాల ఒక్క మాట యాదిల పెట్టుకో. పొయ్యి చేసుడంటే డబ్బకు బొక్కలు కొట్టుడు కాదు, గాలికి తొవ్వ చేసుడు. అది పట్టుకున్నవంటే ఏ డబ్బ దొరికినా పొయ్యి అయితది.

నేను ఇది రైలు బొగ్గింజన్ల మీద నేర్చుకున్న. ఇంజన్ల బొగ్గు వేసే ఫైర్‌మన్‌గ చేరిన కొత్తల, పారతోని ఎంత బొగ్గు ఎత్తిపోస్తే అంత మంట అనుకునేటోన్ని. గొట్టం నుంచి నల్లగ ముద్దలు ముద్దలుగ పొగ లేచేది, ఆవిరి మాత్రం ఎక్కకపోయేది. మా డ్రైవర్ సాబ్ ఆ పొగ చూపెట్టి, పైకి పోయేదంత కాలని బొగ్గే అని చెప్పిండు. బొగ్గు పలుచగ పరవాలె, కింద గాలి వచ్చే తలుపు, అంటే డ్యాంపర్, తెరవాలె, బొగ్గు వేసినంక మంటగూడు తలుపు కొద్దిసేపు సందు ఉంచాలె. కింది గాలికి బొగ్గు కాలుతది, పై గాలికి పొగ కాలుతది. నీ డబ్బ పొయ్యికి గూడ గవే రెండు గాలులు కావాలె.

డబ్బలు ఏరేటప్పుడు అయస్కాంతం పట్టి చూడు. అతుక్కుంటేనే తీసుకో. కూల్ డ్రింకు డబ్బల లాంటి అల్యూమినియం ఎక్కువ మంటకు మెత్తబడి కుంగుతది. అతుక్కున్నా సరే, పాత బకెట్ల మీద వెండి పూలలెక్క మెరిసే జీఐ రేకును మంట దగ్గర వాడద్దు. దాని మీది జింకు పూత కాలితే వచ్చే పొగ పీలిస్తే వణుకుతోని జ్వరమొస్తది, వెల్డింగు పనోళ్లకు ఇది బాగ ఎరుక. పెట్రోలు, థిన్నరు ఉన్న డబ్బలను, స్ప్రే డబ్బలను కోయనేకోయద్దు. నెయ్యి డబ్బలు, పాలపొడి డబ్బలు, నూనె టిన్నులు మంచివి. పైన రంగు ఉంటే మొదటిసారి ఆరుబయట వంట లేకుండ ఒక గంట కాల్చు, గాలి వచ్చే దిక్కు నిలబడు.

చాయ్‌కి, నలుగురి ఉప్మాకు రెండు డబ్బల పొయ్యి చాలు. ఒకటి పెద్దది, దాంట్ల పడితే చుట్టూ అర ఇంచు సందు మిగిలేంత చిన్నది ఇంకొకటి. పెద్ద డబ్బను బోర్లించు, అడుగు పైకొస్తది. దాని మీద చిన్న డబ్బ పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలికి కొద్దిగ తక్కువగ కత్తిరించు. చిన్న డబ్బను గా రంధ్రంల నుంచి దించితే దాని అంచు పైన తట్టుకొని ఆగాలె, అడుగు మాత్రం నేలకు ఇంచు పైన వేలాడాలె. దించకముందే చిన్న డబ్బ అడుగుకు ముప్పై నలభై మేకు బొక్కలు కొట్టు. అంచుకు ముప్పావు ఇంచు కింద చుట్టూ ఇంచుకొకటి చొప్పున పావు ఇంచు బొక్కలు వెయ్యి. పెద్ద డబ్బకు నేల దగ్గర పది పన్నెండు పెద్ద బొక్కలు. ఉత్త డబ్బ మీద మేకు కొడితే రేకు లోపలికి సొట్ట పోతది, అందుకే డబ్బల కట్టె మొద్దు దూర్చి దాని మీద ఆనిచ్చి కొట్టు. కోసిన అంచులు బ్లేడులెక్క ఉంటయ్. తోలు చేతితొడుగులు వేసుకో, ఆకురాయితోని అంచంత రుద్దు, తర్వాత ప్లయర్‌తోని లోపలికి మడువు.

ఇగ ముట్టిచ్చుడు. వేలెడంత కట్టె ముక్కలు, బాగ ఎండినయి, పై బొక్కల కిందిదాక నింపు. మంట పైన పెట్టు, కింద కాదు. ఒక కర్పూరం బిళ్ల, కొబ్బరి పీచు చాలు. ఒకటి రెండు నిమిషాలు పొగ వస్తది, బేజారుపడద్దు. డబ్బల సందు వేడెక్కినంక పై బొక్కల నుంచి వేడి గాలి ఊదినట్టు లోపలికొచ్చి అక్కడున్న పొగను అంటిస్తది. అప్పుడు చూడు బిడ్డా, బొక్క బొక్కకూ ఒక మంట నాలిక, అచ్చం గ్యాస్ పొయ్యి బర్నర్ లెక్క, పొగ మాయం. నాకు ఇప్పటికీ అది చూస్తే ఇంజన్ కాడ నిలబడ్డట్టే ఉంటది. గిన్నె మాత్రం అంచు మీద అంటిచ్చి పెట్టద్దు, మూడు బోల్టులో రాళ్లో పెట్టి ఇంచు ఎత్తుంచు, లేకుంటే మంటకు ఊపిరాడదు.

అన్నం, కూర పెద్దగ వండాలంటే పదిహేను కిలోల నూనె టిన్ను పొయ్యి చేసుకోండ్రి. నాలుగు ఇంచుల వెడల్పున్న డబ్బలతోని లోపల మలుపు గొట్టం చేసి, ఒక మూతి పక్కకు, ఒకటి పైకి పెట్టాలె. నిలువు భాగం పది పన్నెండు ఇంచులుండాలె. గొట్టానికీ టిన్నుకూ మధ్య ఇసుక పోయద్దు, ఇసుక వేడి తాగుతది. వరి ఊక బూడిద పోయాలె, మన దిక్కు రైసుమిల్లుల కాడ గుట్టలు గుట్టలు ఉంటది, అంత తేలికైన అడ్డుగోడ ఇంకోటి దొరకది. పోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో. పక్క మూతిల ఒక రేకు పలక అడ్డంగ పెట్టి, పైన కట్టెలు, కింద మూడో వంతు ఖాళీ ఉంచు. ఆ ఖాళీల కట్టెలు కుక్కినవంటే పొయ్యి చచ్చిపోతది. కొసలు కాలినకొద్దీ మెల్లగ లోపలికి జరపాలె.

పొట్టు పొయ్యి మీ నానమ్మ చాన ఏండ్లు వాడింది. డబ్బకు కింద ఒక పక్క బొక్క, మధ్యల సీస నిలబెట్టి చుట్టూ సామిల్లు పొట్టు గట్టిగ దట్టించి, సీస తిప్పుకుంట తీసి కింది నుంచి అంటిస్తే పూట వంట అయితది. కని మంట పెంచుడు తగ్గిచ్చుడు కుదరది, కదిలిస్తే పొట్టు కూలుతది. బాయికాడికి అది వద్దు.

స్పిరిటు పొయ్యి వీడియోలు చూసి మనసుపడ్డవని తెలుసు. వద్దంటున్న. ఒకసారి నేను పట్టపగలు ఆరిపోయిందనుకొని దాంట్ల మళ్ల పోసిన. ఎండల స్పిరిటు మంట కనబడది. సీసదాక మంట పాకింది, చెయ్యి మోచేతిదాక బొబ్బలెక్కింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి, జాతరల కాలింది అని తప్పిచ్చుకున్న. అసలు సంగతి ఇది.

కట్టె సంగతికొస్తే, పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు చేన్లనే దొరుకుతయ్, ఈ పొయ్యిలకు అవే సరి. నిప్పులు నిలవాలంటే తుమ్మ. బొంగు వాడితే నిలువున చీల్చి వాడు, గణుపు మూసి ఉంటే లోపల గాలి ఉబ్బి టపాకాయలెక్క పేలుతది. గన్నేరు పుల్ల పొయ్యిల పెట్టద్దు, దాంతోని గిన్నె గూడ కలపద్దు, అది విషం. గిన్నెల అడుగుకు ముందే సబ్బో బురదో పూస్తే మసి సులువుగ పోతది.

మేడారం జాతరకు పోయినప్పుడు మేం మూడు రాళ్ల పొయ్యి మీదనే వండుకునేది, చుట్టూ జనం, అడుగడుగుకూ నిప్పు. బాయికాడ మీకు అంత మంది ఉండరు, గాలి మాత్రం ఉంటది. పొయ్యి చుట్టూ మూడు గజాలు ఆకు ఊడ్చి మట్టి బయటపెట్టుండ్రి. ఎండలకు టేకు ఆకు, తునికి ఆకు రాలి కాగితంలెక్క ఉంటది. అభయారణ్యంల నిప్పు ముట్టియ్యనే ముట్టియ్యద్దు, బాయి గట్టు దాటద్దు. వాన వచ్చినా సరే పొయ్యి డేరాల పెట్టద్దు. నిప్పుల నుంచి వచ్చే విషగాలికి వాసన ఉండది, నిద్రల్నే మనిషి పోతడు. పండుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్ల పోసి, చెయ్యి దగ్గర పెట్టి చూడు. వెచ్చగ తగిలితే ఇంకా ఆరలేదన్నట్టు.

రెండు నెయ్యి డబ్బలు మీ నానమ్మ బియ్యం డ్రమ్ము ఎనుక దాచింది. ఆదివారం రా, అంచులు నేను రుద్దిస్త, మన వాకిట్ల ఒకసారి ముట్టిచ్చి చూసినంకనే తీస్కపో.

మీ తాత