కనిపించని కాంతిని కంటికి చూపే పలుచని పొర

ప్రశ్న: కంటికి కనిపించని సమీప పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని మామూలు వెలుగుగా మార్చే పలుచని పొరలున్నాయని డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్న మా అబ్బాయి అంటున్నాడు. బ్యాటరీ లేకుండా తక్కువ శక్తి గల కాంతి ఎక్కువ శక్తి గల కాంతిగా ఎలా మారుతుంది? రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై ఉన్న 100 మెగావాట్ల సోలార్ పలకల వెనుక అటువంటి పొరను వేస్తే కరెంటు పెరుగుతుందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. ఈ పొరలు శక్తిని పుట్టించవు. రెండు ఫోటాన్ల (కాంతి కణాల) శక్తిని కలిపి ఒకే ఫోటానుగా వెలువరిస్తాయి. 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ ఫోటానులో సుమారు 1.27 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం) శక్తి ఉంటే, 540 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటానుకు 2.3 కావాలి. రెండు కలిస్తే అది సరిపోగా మిగిలింది వేడిగా పోతుంది.

ఫ్రాన్సుకు చెందిన ఫ్రాన్స్వా ఓజెల్ 1966లో వివరించిన పద్ధతిలో ఇటర్బియం అనే లోహపు అయాన్లు (విద్యుదావేశం గల పరమాణువులు) పరారుణ కాంతిని పీల్చుకొని, ఆ శక్తిని ఒకదాని తరువాత ఒకటిగా ఎర్బియం అనే మరో లోహపు అయానుకు అందిస్తాయి. రెండో విడత శక్తి చేరేదాకా మొదటిది నిలిచి ఉండాలి కనుక, అణువుల కంపనాలు బలహీనంగా ఉండే సోడియం ఇట్రియం ఫ్లోరైడ్ వంటి స్ఫటికాలను ఇందుకు ఎంచుకుంటారు. అయినా లేజరు వంటి తీవ్రమైన కాంతి పడితే తప్ప వెలుగు స్పష్టంగా కనిపించదు.

రెండో పద్ధతి నాకు మరింత ఆసక్తికరంగా తోస్తుంది. లెడ్ సల్ఫైడ్ నానో స్ఫటికాల పొర పరారుణ కాంతిని పీల్చి, దానిపై పరచిన రుబ్రీన్ అనే సేంద్రియ పదార్థానికి శక్తినిస్తుంది. అక్కడ చాలాసేపు నిలిచే రెండు ఉత్తేజిత స్థితులు (అణువులు అదనపు శక్తిని నింపుకున్న స్థితులు) ఎదురైనప్పుడు వాటి శక్తి ఒకచోట చేరి వెలుగు పుడుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీనిని ప్రచురించినది 2016లో. చిక్కంతా మందంలోనే ఉంది. నానో స్ఫటికాల పొర మరీ పలుచనైతే పడిన కాంతిలో అత్యధిక భాగం దానిని దాటిపోతుంది. మందం పెంచితే లోపలి స్ఫటికాల శక్తి రుబ్రీన్ దాకా చేరదు, పైగా పుట్టిన వెలుగును ఆ స్ఫటికాలే తిరిగి మింగేస్తాయి.

ఇక రామగుండం మాట. సిలికాన్ పలకలు సుమారు 1100 నానోమీటర్ల వరకు ఉన్న కాంతిని తామే వాడుకుంటాయి కాబట్టి, 980 నానోమీటర్ల కాంతిని ఆకుపచ్చగా మార్చి వాటికివ్వడం వృథా. వాటికి ఉపయోగపడేది, సిలికాన్‌ను దాటిపోయే 1500 నానోమీటర్ల ప్రాంతపు కాంతిని 980కి తెచ్చే ఎర్బియం పొర. అప్పుడు కూడా పలక వెనుక భాగం కాంతిని రానివ్వాలి. కేంద్రీకరించని ఎండలో లాభం అత్యల్పం. అందుకని ఇప్పటికైతే ఖర్చు గిట్టదనే నా అభిప్రాయం.

మీ అబ్బాయి దీనిని కళ్లారా చూడాలనుకుంటే కళాశాల ప్రయోగశాలలో పరారుణ లేజరు, ఆ కిరణం పడినచోట వెలిగి దానిని గుర్తించే కార్డు ఉన్నాయేమో అడగమనండి. అయితే కంటికి కనిపించని ఆ కిరణానికి రెప్ప తనంతట తాను మూసుకోదు. తగిన రక్షణ కళ్లద్దాలు, అధ్యాపకుల పర్యవేక్షణ తప్పనిసరి. కొన్ని కార్డులను ముందుగా మామూలు వెలుతురులో ఉంచాలి, అవి అప్పుడు దాచుకున్న శక్తినే లేజరు తగిలినప్పుడు విడుదల చేస్తాయి. కిరణం ఒకేచోట పడుతుండగా వెలుగు క్రమంగా మసకబారితే అది ఆ రకం కార్డేనని, నేను పైన వివరించిన పొర కాదని గ్రహించవచ్చు.