కొవ్వు పొరలో లింఫోమా: ఆల్ఫా-బీటానా, గామా-డెల్టానా?

అమ్మా, మీ చెల్లెలి తొడ మీద గడ్డలు, రోజూ సాయంత్రం జ్వరం, రిపోర్టులో ‘చర్మం కింది కొవ్వులో టి-కణ లింఫోమా’ (టి-కణాలనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) అన్న ఒక్క ముక్క. రకం తేలకుండా కీమోథెరపీకి తొందరపడకండి. ఈ పేరు కింద ఒకప్పుడు రెండు జబ్బులను కలిపేసేవారు. 2005 నాటి చర్మ లింఫోమాల వర్గీకరణలో వాటిని ఆల్ఫా-బీటా, గామా-డెల్టా అని విడదీశారు; టి-కణం మీద ఉండే గ్రాహకం (టీసీఆర్) రకాన్ని బట్టి వచ్చిన పేర్లివి.

ఆల్ఫా-బీటా రకంలో కణాలు దాదాపుగా కొవ్వు పొరలోనే ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో కొవ్వు కణం చుట్టూ పూసలు గుచ్చినట్టు వరుస కడతాయి. కణాల మీది గుర్తు ప్రోటీన్లలో సీడీ8 పాజిటివ్, సీడీ4, సీడీ56 నెగెటివ్. పుండు పడడం అరుదు. చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది, స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులకే తరచూ లొంగుతుంది. గామా-డెల్టా రకం పై చర్మం దాకా పాకవచ్చు, పుండ్లు పడతాయి, సీడీ56 ఎక్కువగా పాజిటివ్. దానికి మొదటి నుంచే గట్టి చికిత్స కావాలి.

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు) కూడా కొవ్వులో అచ్చం ఇలాగే కనిపించి మోసం చేస్తుంది. దాని కోసం చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష చేయించారా?

బయాప్సీ చేసిన వరంగల్ ల్యాబ్‌లో కాగితంతో సరిపెట్టుకోకుండా పారఫిన్ బ్లాక్ అడిగి తీసుకోండి. బయాప్సీ ముక్కను పొదిగిన, అగ్గిపెట్టెలో పట్టేంత మైనపు దిమ్మె అది, ఈ ఎండల్లో బస్సు కిటికీ పక్కన పెట్టకండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ వంటి చోట లింఫోమా తెలిసిన పాథాలజిస్టుకు చూపించి, రెండు రకాల్లో ఏదో తేల్చే బీటా-ఎఫ్1, టీసీఆర్ డెల్టా రంజనాలు (కణాలకు రంగు పట్టించి చూసే పరీక్షలు) చేయమని అడగండి.

జ్వరం తగ్గకుండా రక్తకణాలు పడిపోతుంటే మాత్రం రిపోర్టు కోసం ఆగవద్దు. రోగనిరోధక కణాలు అదుపు తప్పి రక్తకణాలను తినేసే ప్రమాదకర స్థితి (హెచ్ఎల్‌హెచ్) కావచ్చు; ఆ రోజే ఆసుపత్రిలో చేర్చి ఫెరిటిన్ రక్తపరీక్ష చేయించండి.