లేజర్ ఆపరేషన్‌కు మూడు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంటెంట్‌ని, జీతం 42 వేలు. కారు ఈఎంఐ 9,500, ఖాతాలో 11 వేలు ఉన్నాయి. నాన్నకు 67 ఏళ్లు. ప్రోస్టేట్ పెరిగింది, లేజర్ ఆపరేషన్‌కు లక్షన్నర అవుతుందన్నారు. ఎనిమిది నెలల కింద తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీ దీనికి వర్తించదట. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. లక్షన్నరకు నెలకు 4,500, ఏడాదికి 54 వేలు వడ్డీకే పోతాయి, అసలు అట్లే ఉంటుంది. చాలాచోట్ల మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని చేతిలో 1,45,500 పెడతారు, నోటు మీద మాత్రం లక్షన్నర రాయించుకుంటారు. ఇలాంటి ప్రామిసరీ నోట్లు చూసి చూసి విసిగిపోయాను.

పాలసీ వాళ్లు చెప్పింది నిజమే. ప్రోస్టేట్ వాపు, శుక్లాలు, హెర్నియా లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటికి డబ్బు ఇవ్వరు. ‘ఈమధ్యే మొదలైందని రాయించండి’ అని ఎవరైనా చెబితే వినకండి. ఎప్పుడు మొదలైనా గడువు గడువే, అబద్ధం తేలితే పాలసీకే ఎసరు. ప్రీమియం మాత్రం ఆపొద్దు.

ఇప్పుడే చేయించాలా అని డాక్టర్‌ను అడగండి. మాత్రలతో నాన్నగారు రాత్రిళ్లు లేవడం తగ్గితే కొన్నాళ్లు ఆగొచ్చేమో. మూత్రం ఆగిపోయి పైపు వేయాల్సి వచ్చినా, కిడ్నీల మీద ఒత్తిడి పడుతున్నా ఆగకూడదు. కరెంటు తీగతో గ్రంథిని లోపలి నుంచి చెక్కేసే పాత పద్ధతి టీయూఆర్‌పీ సరిపోతుందేమో కూడా అడగండి. గ్రంథి బాగా పెద్దదైనా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా లేజర్ వైపే మొగ్గుతారు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను, అంటే ఆ పథకం కింద రోగులకు సాయం చేసే ఉద్యోగిని కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలైంది. ఏదీ కుదరకపోతే బ్యాంకులో బంగారం పెట్టండి.

మీ అసలు తప్పు ఆ 11 వేలు. ఇంట్లో పెద్దాయన్ని పెట్టుకుని, ఎమర్జెన్సీ ఫండ్ లేకుండా కారు కొన్నారు! పాలసీ పనిచేసినా అడ్మిషన్ డిపాజిట్, ముందు టెస్టులు, హైదరాబాద్ రానుపోను ఖర్చులు చేతి నుంచే పెట్టాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిపైన నాన్నగారి కోసం విడిగా మరో లక్ష ఉండాలి. కారు అమ్మి లోను తీర్చేసి, ఆ 9,500 జీతం పడిన మర్నాడే ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలోకి పోయేలా పెట్టండి.