చీముగడ్డ కోయించుకున్నాక ఇంట్లో ఏం చేయాలి?

ప్రశ్న: మలద్వారం పక్కన చీముగడ్డ లేస్తే నాలుగు రోజుల కింద ఆపరేషన్ చేసిన్రు. కుట్లు వేయలేదు. గాయం తెరిచే ఉంది, లోపల గాజుగుడ్డ పెట్టి ఇంటికి పంపిన్రు. ఎరుపు, పసుపు కలిసిన నీరు కారుతోంది. కుట్లు మరిచిపోయారేమోనని భయంగా ఉంది. ఎట్లా కడుక్కోవాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మరిచిపోలేదు, కావాలనే వేయలేదు. మలద్వారం లోపలి గోడలో చిన్న చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఒకటి మూసుకుపోయి సూక్ష్మజీవులు చేరితే ఈ గడ్డ లేస్తుంది. చీము తీసి పైన కుట్టేస్తే లోపలి గుంత మళ్లీ నిండుతుంది. అడుగు నుంచి కొత్త కండ పట్టుకుంటూ రావాలి, చర్మం అన్నిటికన్నా ఆఖరున మూసుకోవాలి. గుంత లోతును బట్టి మూడు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి ఒకటి రెండు వారాలు నీరు కారడం మామూలే. కారాల్సింది కారిపోతేనే మంచిది.

ముందు ఆ గాజుగుడ్డ సంగతి. ఆపరేషన్ నాడు పెట్టిందే ఇంకా లోపల ఉంటే ఇవాళే వెళ్లి తీయించుకోండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే తీసేస్తారు. తీయడానికి ముప్పావుగంట ముందు నొప్పి మాత్ర వేసుకుని, పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే గుడ్డ నాని తేలిగ్గా వస్తుంది. ఎండి అంటుకుపోయిన గుడ్డను లాగితే అప్పుడే పట్టిన కండ కూడా దానితో లేచి వస్తుంది. తర్వాత కూడా గుడ్డ పెట్టమన్నారా, లేదా అడిగి తెలుసుకోండి. పెట్టమంటే అంచులు అతుక్కోకుండా వదులుగా పెట్టాలి. కుక్కి పెడితే బయటికి రావాల్సిన చీముకు అదే అడ్డమవుతుంది.

కడగడానికి మంచి నీళ్లు చాలు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పిరుదులు మునిగేంత గోరువెచ్చని నీళ్లు పోసి, మోచేతితో వేడి చూసుకుని, పది పదిహేను నిమిషాలు కూర్చోండి. రోజుకు మూడుసార్లు, మోషన్‌కు వెళ్లిన ప్రతిసారీ. ఉప్పు వేయకపోయినా పర్వాలేదు. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దు, కొత్తగా పట్టే కండను అవి మాడ్చేస్తాయి. పసుపు, ఆకు పసరు, పొగాకు పొడి గుంతలో పెట్టమని ఎవరు చెప్పినా పెట్టకండి. అవి లోపల గట్టిపడి చీమును నిలవ ఉంచుతాయి. టబ్బులోంచి లేచాక మగ్గుతో నీళ్లు నేరుగా గాయంలోకి పారేట్టు పోయండి. షవర్ గొట్టం ఉంటే ధార తగ్గించి వాడండి. తర్వాత రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్దండి. లోదుస్తుల్లో సానిటరీ ప్యాడ్ పెట్టుకుంటే మగవాళ్లకైనా అన్నిటికన్నా వీలుగా ఉంటుంది. తడిసినప్పుడల్లా మార్చండి. వేడినీళ్లలోంచి లేచేటప్పుడు కళ్లు తిరగవచ్చు, అందుకే మొదటి నాలుగైదు రోజులు తలుపు గడియ పెట్టుకోకండి.

అద్దంలో చూసుకుంటే అడుగున ఎర్రగా, గరుకుగా కండ కనిపించాలి. తాకితే చుక్క నెత్తురు వస్తుంది, అది మంచి లక్షణమే. పైన చర్మం అతుక్కుని లోపల సలుపు మొదలైతే ఆగకుండా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా బాపుకు 58 ఏండ్లు, షుగర్ ఉంది. గడ్డ కోసి వారమైంది. పప్పు తింటే చీము పడుతుందని మా నాయనమ్మ చారన్నమే పెడుతోంది. దొడ్డికి పోవాలంటే భయపడి ఆయన కూడా సగం తిండి మానేసిండు. ఏం పెట్టాలి?
– ఒక కూతురు, పరకాల

జవాబు: నాయనమ్మ ప్రేమతోనే అలా పెడుతున్నారు, కానీ ఈ పత్యం బాపుకు నష్టం చేస్తుంది. చీము పట్టించేది సూక్ష్మజీవులు, పప్పు కాదు. కొత్త కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, చికెన్ ఏదైనా రోజూ తినాలి. కిడ్నీ జబ్బు ఉంటేనే కొలత డాక్టరును అడగాలి. కారానికి చీముతో సంబంధం లేదు, కానీ దొడ్డికి వెళ్లేటప్పుడు మంట పెడుతుంది. మన వరంగల్ మిర్చి కొన్ని వారాలు సగానికి తగ్గించండి.

తిండి తగ్గిస్తే భయపడ్డదే జరుగుతుంది. నాలుగు రోజులు నిలవ ఉన్న మలం గట్టిపడి గాయం పక్కనే చీల్చుకుంటూ వస్తుంది. జొన్నరొట్టె, ఆకుకూర, సొరకాయ, జామకాయ, మజ్జిగ పెట్టండి. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు తాగాలి. సాయంత్రం, పడుకోవడానికి బాగా ముందే ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీళ్లలో కలిపి ఉబ్బకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే అదే లోపల గడ్డకట్టి మలబద్ధకం చేస్తుంది. షుగర్ ఉంది కాబట్టి ఉత్తి పొట్టే కొనండి, రుచి కలిపిన పొడుల్లో చక్కెర ఉంటుంది. దాంతో కాకపోతే లాక్టులోజ్ సిరప్ ఎంత తాగాలో డాక్టరును అడగండి. ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. లివర్ జబ్బు లేకుంటే పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా చాలామందికి సరిపోతుంది. దొడ్డికి కూర్చున్నప్పుడు బలవంతంగా ముక్కకూడదని ఆయనకు గట్టిగా చెప్పండి.

షుగర్ అదుపులో లేకపోతే ఎంత కడిగినా గాయం మానదు. పొద్దున పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసి రాసిపెట్టండి. యాంటీబయాటిక్ ఆయనకు రాసి ఉంటే కోర్సు పూర్తి చేయాలి. చీము బాగా తీసేసిన మామూలు ఆరోగ్యవంతులకు చాలాసార్లు అది అక్కరలేదు, కానీ షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇది ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి: జ్వరం 100.4 దాటినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, వాపు వృషణాల వైపో తొడ వైపో పాకినా, చర్మం నల్లబడినా, కుళ్లు వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. షుగర్ ఉన్నవాళ్లలో ఇది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. 108కు ఫోన్ చేసి, వరంగల్ ఎంజీఎం లాంటి సర్జరీ ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి ఆ రాత్రే తీసుకుపోండి. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, గంటలోపే ప్యాడ్ నెత్తురుతో నిండినా అంతే. నెత్తురు కారుతుంటే మడిచిన శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టి బయలుదేరండి.

ప్రశ్న: ఆపరేషన్ అయి మూడు వారాలు. బండి నడపొచ్చా? మేడారం పోయి జంపన్న వాగులో స్నానం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: నొప్పి మాత్ర లేకుండా కూర్చోగలిగి, గట్టిగా బ్రేకు వేసినా కలుక్కుమనకపోతే బండి తీయండి, ముందు దగ్గరి దూరాలకు. మెత్తటి బల్లపరుపు దిండు వేసుకోండి, మధ్యలో చిల్లు ఉన్న రింగు దిండు వద్దు. వాగులో, చెరువులో మునక మాత్రం చర్మం పూర్తిగా మూసుకునేదాకా వద్దు. తల్లుల దర్శనం చేసుకోండి, వాగు నీళ్లు తలమీద చల్లుకోండి. సిగరెట్, బీడీ అలవాటుంటే మానండి, గాయం మానడం ఆలస్యమవుతుంది.

ప్రశ్న: గడ్డ కోసి రెండు నెలలు దాటింది. పైకి మానింది కానీ చిన్న రంధ్రం మిగిలి, రోజూ బట్టకు మరక అంటుతోంది. ఊర్లో మొలల డాక్టరు ఇంజెక్షన్ వేస్తే పోతుందంటుండు.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: ఆ ఇంజెక్షన్ వేయించుకోకండమ్మా. ఎనిమిది వారాలు దాటినా కారుతుంటే లోపలి గ్రంథి నుంచి చర్మం దాకా దారి మిగిలి ఉండవచ్చు. దాన్నే ఫిస్టులా, భగందరం అంటారు. ఈ గడ్డ కోయించుకున్న వారిలో సుమారు మూడోవంతు మందికి ఇది వస్తుంది. ఆపరేషన్ సరిగా చేయలేదని దీనికి అర్థం కాదు. ఆ దారి మలాన్ని ఆపే కండరంలోంచి ఎంతమేర పోతోందో తెలియకుండా సూది గుచ్చినా, కోసినా మలం మీద అదుపు పోయే ప్రమాదం ఉంది. సర్జన్ వేలితో పరీక్షించి, అవసరమైతే ఎంఆర్ఐ తీయిస్తారు. దారి పైపైనే ఉంటే కోసి తెరుస్తారు, కండరం ఎక్కువ ఉంటే ఆ దారిలోంచి సీటన్ అనే దారం వేస్తారు. ఆయుర్వేదంలో క్షారసూత్రం, అంటే మందు పూసిన దారం వేయడం కూడా మంచి పద్ధతే, దారాన్ని సాధారణంగా వారానికోసారి మారుస్తారు. శల్యతంత్రంలో (ఆయుర్వేద శస్త్రచికిత్సలో) పీజీ చేసిన వైద్యుడి దగ్గరే వేయించుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంటే, బరువు తగ్గుతుంటే, సాయంత్రం జ్వరాలుంటే గాయంలోంచి చిన్న కండ ముక్క తీసి టీబీ పరీక్షకు పంపమని మీరే అడగండి. డిశ్చార్జి కాగితాలు, మొదటిసారి కోసినప్పుడు రాసిన నోట్సు వెంట తీసుకువెళ్లండి, దారి ఎటు ఉందో పట్టుకోవడానికి సర్జన్‌కు పనికొస్తాయి.