మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ నడుపుతున్న మేనల్లుడికి, బ్యాన్ల గురించి

ఒరేయ్ బుజ్జిగా,

నీ మెసేజ్ చూశాను. బ్యాన్ చేసిన గంటలోనే ఆ కుర్రాడు ఇంకో పేరుతో దిగిపోయాడనీ, నీకు తిక్కరేగి వాడొచ్చిన నెట్ అడ్రసునే, అదే ఐపీని, బ్యాన్ కొట్టేశావనీ, ఇప్పుడేమో రాజోలు నుంచీ ముమ్మిడివరం నుంచీ ఆడే పిల్లలు మాకెందుకు ఎంట్రీ రావట్లేదన్నా అని నిన్ను తినేస్తున్నారనీ రాశావు. రాదు మరి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ళకి ఎవడి ఐపీ వాడికి ఉండదురా, నెట్ కంపెనీ వాళ్ళు ఒకే పబ్లిక్ ఐపీ వెనకాల బోల్డంతమందిని కూర్చోబెడతారు, సీజీనాట్ అంటే అదే. దొంగేమో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీసి కొత్త ఐపీతో వచ్చేస్తాడు, పాతది ఏ పాపం తెలీనోడి నెత్తిన పడుద్ది. ఒకడు రాత్రిపూట కాలవకి గండి కొట్టాడని లాకులు దించేస్తే కింద ఆయకట్టంతా ఎండిపోద్ది, వాడు మాత్రం ఇంజను పెట్టి తోడుకుంటాడు. ముందు ఆ ఐపీ బ్యాన్లు తీసెయ్.

అసలు గొడవెక్కడంటే నువ్వు ఆన్‌లైన్ మోడ్ ఫాల్స్‌లో, అంటే అకౌంట్ అసలుదో కాదో చెక్ చెయ్యకుండా, పెట్టి నడుపుతున్నావు. అందరి దగ్గరా కొన్న మైన్‌క్రాఫ్ట్ లేదని అలా పెట్టావు, తెలుసు. కానీ ఆ మోడ్‌లో యూయూఐడీ, అంటే సర్వర్ ఆటగాణ్ణి గుర్తుపట్టే నంబరు, వాడి పేరు నుంచే తయారవుద్ది, పేరులో ఒక్క అక్షరం మార్చితే సర్వర్‌కి వాడు కొత్త మనిషే. అంతకన్నా ఘోరం, పాస్‌వర్డ్ అడిగే అదనపు ప్రోగ్రాం, అదే ప్లగిన్, లేదు కాబట్టి ఎవడైనా నీ పేరే పెట్టుకుని దూరితే నీ ఓపీ పవర్స్, అంటే సర్వర్ మీద పెత్తనం, అన్నీ వాడివే. అదే ట్రూ పెడితే అకౌంట్ అసలుదో కాదో సర్వర్ నేరుగా మైన్‌క్రాఫ్ట్ కంపెనీ దగ్గరే చెక్ చేసుకుంటది, పేరెన్ని సార్లు మార్చినా యూయూఐడీ మారదు, బ్యాన్ అయినోడు మళ్ళీ రావాలంటే ఇంకో అకౌంట్ డబ్బులు పోసి కొనాలి. బ్యాన్‌కి బరువొచ్చేది అప్పుడే. తిరిగి రావడాన్ని పూర్తిగా ఎవడూ ఆపలేడు, రయట్ కంపెనీ వాళ్ళు 2020లో వేలరెంట్ ఆటతో పాటు వ్యాన్‌గార్డ్ అని చీటర్లని పట్టే ప్రోగ్రాంని విండోస్ కెర్నల్ దాకా, అంటే దాని గుండెకాయ దాకా, దింపి ఏకంగా కంప్యూటర్లనే బ్యాన్ చేస్తున్నారు, అయినా చీటర్లు పోలేదు. మన చేతిలో ఉన్నదల్లా తిరిగి రావడం ఖరీదు చెయ్యడమే.

వైట్‌లిస్ట్ కూడా పెట్టు, అంటే జాబితాలో పేరున్నోళ్ళకే ఎంట్రీ, కొత్తోడు రావాలంటే లోపల ఆడుతున్నోడు ఒకడు పూచీ పడాలి, వచ్చినోడు చీట్ చేస్తే పూచీ పడ్డోడు కూడా వారం బయట. మీరు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో వెరిఫికేషన్ లెవెల్ హైయెస్ట్ పెడితే ఫోన్ వెరిఫై చేసుకున్న అకౌంట్లే మాట్లాడగలవు, అది చాలు. ఎవడో ఆధార్ ఫోటో తీసుకుందాం అన్నాడన్నావే, ఆ పని చస్తే చెయ్యకు. నీ దగ్గర ఆడేది సగం పద్దెనిమిది నిండని పిల్లలు, 2023 డేటా చట్టంలో వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి, లేనిపోని తద్దినం.

ఇక చీటింగ్. రాళ్ళ వెనకాల దాగున్న వజ్రాలు చూపించే ఎక్స్‌రే చీట్ వాడేవాణ్ణి తర్వాత పట్టుకోవడం కంటే వాడికి కనపడకుండా చెయ్యడం తేలిక. నువ్వు వాడే సర్వర్ ప్రోగ్రాం పేపరే కాబట్టి అందులో యాంటీ ఎక్స్‌రే ఉంటది, ఆఫ్‌లో ఉంటది గాబట్టి నువ్వే ఆన్ చెయ్యాలి, మోడ్ రెండు పెడితే రాళ్ళ మధ్యన దొంగ వజ్రాలు కూడా కనిపించి వాడి బుర్ర పాడవుద్ది. కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ ఎక్కించుకో, ఎవడు ఎక్కడ ఏ బ్లాక్ కొట్టాడో అంతా రాసి పెడద్ది. మామూలోడు వజ్రాల కోసం తవ్వితే వరసగా చెత్తంతా తవ్వుతాడు, ఎక్స్‌రే గాడి సొరంగం మాత్రం తిన్నగా వెళ్ళి వజ్రం దగ్గర టక్కున వంకర తిరుగుద్ది, మళ్ళీ ఇంకోదాని దగ్గర అలాగే. అలాంటివి నాలుగైదు కనపడ్డాక మాట్లాడు, ఒక్కదానికి అదృష్టం కూడా ఉంటది.

ఆటలో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునే దగ్గర మాత్రం తొందరపడకు. సాయంత్రం నెట్ లాగ్ కొడితే మంచోడు కూడా దూరం నుంచి కొట్టినట్టు, గాల్లో ఎగిరినట్టు కనపడతాడు, చీటర్లని పట్టే ప్లగిన్ కిక్ చేసిందని బ్యాన్ చేసేస్తే ఎలా, రికార్డింగ్ చూడు, పింగ్, అంటే వాడి నెట్ ఎంత ఆలస్యంగా ఉందో, చూడు. కౌంటర్ స్ట్రైక్ తీసిన వాల్వ్ కంపెనీ వాళ్ళ చీటర్లని పట్టే ప్రోగ్రాం వ్యాక్ కూడా దొరికిన క్షణానే బ్యాన్ చెయ్యదు, కొన్నాళ్ళు ఆగి గుంపుగా లేపేస్తది, ఏది పట్టించిందో చీట్ అమ్మేవాడికి తెలీకూడదని. నువ్వూ బ్యాన్ మెసేజ్‌లో ఎలా దొరికాడో రాయకు, చీటింగ్ అని రాసి వదిలెయ్.

ఇంకోటి, మొదటిసారి దొరికినోడికి పర్మనెంట్ వద్దు. అమలాపురంలో నా నెట్ సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆడిన పిల్లల్ని చూశాను, ఫలానా రోజు రావచ్చురా అంటే బుద్ధిగా వచ్చేవాళ్ళు, ఎప్పటికీ రావద్దు అన్నవాడే దొడ్డిదారి వెతికేవాడు. నెల పెట్టు, అప్పీల్ చేసుకోడానికి ఒక ఛానల్ పెట్టు, అక్కడ బ్యాన్ చేసినోడు కాకుండా ఇంకో అడ్మిన్ చూడాలి.

ఆన్‌లైన్ మోడ్ మార్చే ముందు వరల్డ్ మొత్తం బ్యాకప్ తియ్యి. మార్చగానే అందరి యూయూఐడీలు మారిపోయి ఇన్వెంటరీలు ఖాళీగా కనపడతాయి, పిల్లలు గగ్గోలు పెడతారు. ముందు రోజే చెప్పి సామాన్లన్నీ మామూలు చెస్టుల్లో దాచుకోమను, ఎండర్ చెస్ట్‌లో కాదు, అదీ ప్లేయర్ డేటాతోనే పోద్ది.

మీ మావయ్య